నాలుగో సన్ను

జూ వెనక, ఆరిలోవ కొండవాలులో మా పాక.
నడిరాత్రి సింహం గొంతు సవరించుకుంటే
గేదెలు చెవులెత్తి, మళ్ళీ నెమరుకి దిగుతాయి.

మూడున్నరకి లేస్తాను.
దూడను విడుస్తాను. నాలుగు కుమ్ములు కుమ్ముతుంది,
గేదె చేపుతుంది,
అంతే, పలుపు పట్టి లాగేస్తాను.
మూతి మీద నురగ ఆరకముందే గుంజకి కట్టేస్తాను.
మా అత్త బోడమ్మ నేర్పిన విద్య ఇది.
"దూడకి నాలుగో సన్ను ఒగ్గెయ్యే" అనేది పైకి.
చేతులు మటుకు ఆ సన్నూ పిండేసేవి.

కిందటి శ్రావణంలో దూడ పోయింది.
పోయేముందు నాకు చాలా చెప్పింది.
పలుపు చప్పరించింది. గోడ నాకింది.
పక్క దూడ చెవి నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది.
బొచ్చు ముళ్ళలా లేచింది, పొట్ట కుండలా దిగింది.
ముసురు పట్టిన మూడోనాడు తెల్లగా పారుకుంది,
నాలుగోనాడు తల ఎత్తలేదు.
మా ఆయన తోలు ఒలిపించి, గడ్డి కూరించి తెచ్చాడు.
గేదె దాన్ని నాకింది. చేపింది.
నేను పిండాను.
హనుమంతవాక దాటి, ఎం.వి.పి. కాలనీలో
మూడో అంతస్తుకి ఆ పాలే పోశాను.
పాలు బావున్నాయంది ఆవిడ. చిక్కగా ఉన్నాయంది.

ఈసారి పెయ్య.
పశువులాసుపత్రి నుంచి రొంగలోరి సుహాసిని
టైలరు టేపు మెళ్ళో వేసుకుని వచ్చింది.
దూడకి రవిక కుడతావేటే అన్నాను.
నవ్వలేదు. రొమ్ము చుట్టూ టేపు తిప్పి
అరచేతిలో లెక్క రాసుకుంది.
"ముప్పై కేజీలక్కా. రోజుకి మూడు లీటర్లకి తగ్గకూడదు.
ఇంకా తాగితే తాగనీ.
ఒక్కసారే కుమ్మరించకు, మూడు పూటలకి సర్దు.
ఇప్పుడు మాడ్చావనుకో, ఈనడానికి ఏడాది ఆలస్యం చేస్తది,
రోగం వస్తే ఆ పాల డబ్బు సూదికే పోతది."

మూడు లీటర్లు!
మా ఇంట్లో టీకి గిద్దెడు తీయడానికే
వెనక్కి తిరిగి చూసుకుంటాను.
లీటరు తొంభై. రోజుకి రెండొందల డెబ్బై.
రెండు నెలలకి పదహారువేల రెండొందలు.
బొగ్గుతో గోడ మీద వేసి,
చదవలేనట్టు కాసేపు చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు పలుపు లాగలేదు.
చెయ్యి అలవాటుగా లేచింది, దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాను.
దూడ ఒక సన్ను వదిలి ఇంకోటి అందుకుంది,
తోక గాలికి ఊగే దారంలా తిరిగింది,
మధ్యలో ఆగి నా వంక చూసింది,
ఇంకా లాగవేం అన్నట్టు.

"పాలు తగ్గాయేం నూకాలూ?" మూడో అంతస్తు.
"ఇంటికి చుట్టమొచ్చిందమ్మా."
"ఎన్నాళ్ళుంటుంది?"
"పాలు మరిచేదాకా."
ఆవిడకి అర్థం కాలేదు. నేనూ విప్పి చెప్పలేదు.
పక్కింటికి ప్యాకెట్లు మొదలయ్యాయని వాచ్‌మన్ అన్నాడు.

అన్నీ మంచిగా జరిగాయని చెప్పను.
సంఘం అప్పు కట్టే వారం పూటకో సోల కాజేశాను.
ఆదివారం సుహాసిని టేపు చుట్టి
అరంగుళం కూడా జరగలేదు అంది, అంతే అంది.
గేదె మేత ఆపి చూసింది.
చూసిందనుకున్నాను.

ఇవాళ్టికి అరవై ఆరు రోజులు.
వీపు నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది,
నా మోకాళ్ళు కుమ్మి కుమ్మి కమిలించింది,
పచ్చగడ్డి పోచలు కొరికి ఉమ్మేస్తోంది.
గోడ జోలికి పోదు.

ఆ గోడకి, గుంజ పక్కన,
మోకాలెత్తున సున్నం ఊడిన చోటుంది.
నాలుకంత వెడల్పు. నున్నగా ఉంటుంది.
పండక్కి సున్నం వేసినప్పుడు
మా ఆయన బ్రష్షు అక్కడిదాకా వచ్చింది.
ఒగ్గెయ్యి, అన్నాను.
ఈ దూడ వీపు ఇప్పుడు దానికి రెండు వేళ్ళు పైన.